అవ్వ వేడినీళ్ళు తాగిన పేజీ

ఆయన్ని అందరూ బైండరు గారు అంటారు. సొంత పేరు భార్య నోటితో పలకదు, దేవుడికి చెప్పనక్కర్లేదు. అలా ఆ పేరు ఎవరి చెవినా పడక ముప్ఫై ఏళ్ళయింది.

లైబ్రరీ మెట్ల కింద, కప్పు ఒకవైపు ఏటవాలుగా దిగిపోయిన చిన్న గది ఆయనది. అందులో ఒక పొడుగాటి బల్ల, ఇనుప చక్రం తిప్పి బిగించే ప్రెస్సు, మేకులకు వేలాడే కత్తెరలు, అడుగు మాడిన జిగురు గిన్నె. లోపలికి ఎవరొచ్చినా తల వంచాల్సిందే. మరచిపోయి వచ్చేవాళ్ళకు దెబ్బ తగలకుండా ఆ ఏటవాలు అంచుకు ఆయన పాత దుప్పటి మడిచి మేకులు కొట్టారు. "నాకైతే అలవాటు. వచ్చేవాళ్ళ తల ఏం పాపం చేసింది?" అంటారు.

ఇలాంటివి ఆయన దగ్గర చాలా ఉన్నాయి. చేతులు వణికే ఒక ముసలావిడ ప్రార్థన పుస్తకం తెస్తే గట్టి అట్ట వెయ్యలేదు, అరచేతిలో ఒదిగేలా మెత్తటి తోలు వేశారు. పిల్లల లెక్కల పుస్తకాలకు మూలలు గుడ్డతో కప్పి ఇస్తారు. "మూలలు అడగలేదే" అంటే "పుస్తకం అడిగింది" అంటారు. సూది పట్టే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటారు. "ఎవరో రాశారు, ఎవరో చదువుతారు. నడుమ నా చెయ్యి పడుతోంది. తప్పు జరక్కుండా చూడు తండ్రీ." అంతే ఆయన ప్రార్థన.

ఇంత నెమ్మదస్తుడికీ ఒక్క విషయంలో మాత్రం ఒళ్ళు తెలిసేది కాదు. అది అంతరిక్ష కథల విషయం.

అప్పట్లో వారం వారం రెండు కథలు వచ్చేవి. ఒక్కో భాగం పదహారు పేజీలు, పైన పల్చటి రంగుల అట్ట. ఒక కథ 'ఏడు చుక్కల దండు', రెండోది 'దూరతీరపు నౌక'. రెండూ ఏళ్ళ తరబడి సాగాయి. రెండూ ఆగిపోయి ఇప్పటికి అయిదేళ్ళవుతోంది. విడి భాగాలు చేతులు మారితే చిరిగిపోతాయని లైబ్రరీలో ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఇరవై ఆరు భాగాలు పోగయ్యాక బైండరు గారు వాటి రంగుల అట్టలు ఊడదీసి, వరసగా కుట్టి, ఒక సంపుటం చేసేవారు. అప్పుడే అది పాఠకుల చేతికి వచ్చేది. తరవాతి సంపుటానికి భాగాల అంకె మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యేది.

శనివారం సాయంత్రం అయిదింటికి చదువుల గదిలో పొడుగు బల్ల చుట్టూ పది పన్నెండు మంది చేరేవారు. లైబ్రేరియన్ గారు ఒక పెద్ద పుస్తకం తెచ్చి నడుమ పెట్టేవారు. దాని పేరు తప్పుల పుస్తకం. ఎడమ పేజీలు దండుకి, కుడి పేజీలు నౌకకి. కథలో ముందు రాసినదానికీ తరవాత రాసినదానికీ పొంతన కుదరకపోతే, ఆ రెండు చోట్లూ చదివి వినిపించి అందులో రాయించాలి. ఒకసారి రాశాక కొట్టెయ్యాలంటే మాత్రం, దానికి జవాబు చెప్పే పేజీని అందరి ముందూ పైకి చదవాలి. అదీ నియమం. తప్పులు తక్కువున్న పక్షం గెలిచినట్టు.

బైండరు గారు దండు పక్షం. ఆయన పక్కన రిటైరైన బస్సు డ్రైవరు. ఎదురుగా నౌక పక్షాన పెద్ద గొంతు ఆస్పత్రిలో కట్లు కట్టే నర్సమ్మది.

"మూడో సంపుటంలో మీ దండు నాయకుడికి చెల్లెలుంది," అనేది నర్సమ్మ. "తొమ్మిదికి వచ్చేసరికి 'మా అమ్మకి నేనొక్కణ్ణే' అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. చెల్లెల్ని ఏ గ్రహం మీద దింపేసి వచ్చాడండీ?"

"బాధలో ఉన్నవాడమ్మా. ఏదో అంటాడు," అనేవారు బైండరు గారు.

"బాధలో ఉంటే తోడబుట్టినదాన్ని మర్చిపోతారా?"

"మా బావమరిది మామూలుగా ఉండే మర్చిపోయాడు," అనేవాడు డ్రైవరు. "సరే, మీ సంగతి చెప్పండి. మీ మరమనిషికి చేతులే లేవన్నారు కదా మొదటి సంపుటంలో? అయిదులో తాడు ముడేసింది. దేంతో వేసిందమ్మా, కనుబొమ్మలతోనా?"

"మీ ఎర్ర గ్రహానికి ఇద్దరు చంద్రుళ్ళుండాలి. ఒకడేడి?"

"మబ్బు పట్టింది."

"ఆరు సంపుటాల నుంచీనా?"

ఇలా నవ్వుకుంటూ, అరుచుకుంటూ, మధ్యలో ఎవరో తెచ్చిన టీ తాగుతూ గడిచేది. ఎంత అరిచినా వెళ్ళేటప్పుడు నర్సమ్మ గొడుగు బైండరు గారే వెతికి ఇచ్చేవారు. ఆయన వేలికి సూది గుచ్చుకున్న వారం ఆవిడే మందు రాసేది.

నర్సమ్మతో ఆ స్నేహం తొమ్మిదేళ్ళ కిందట ఒక శనివారం తెగిపోయింది.

ఆ రోజు నర్సమ్మ నౌక పద్నాలుగో సంపుటం తీసుకుని లేచి నిలబడింది. "ఇవాళ తప్పులొద్దు. నాకు నచ్చిన ఒక్క పేజీ చదువుతాను, వినండి," అంది. నౌకలో ఒక ముసలి ఇంజనీరు ఉంది. అందరూ అవ్వ అంటారు. నలభై ఏళ్ళు గోడకి చెవి ఆనించి ఇంజను చప్పుడు విని, ఏ మర వదులైందో చెప్పేది. ఆ అవ్వ చనిపోతుంది. ఆమెను చుక్కల్లోకి సాగనంపేటప్పుడు, నలభై ఏళ్ళలో ఎన్నడూ ఆగని ఇంజనును ఒక్క నిమిషం ఆపుతారు. నర్సమ్మ అది నెమ్మదిగా చదివింది. 

బైండరు గారికి నౌక చదివే అలవాటు లేదు. తప్పు దొరుకుతుందేమోనని మాత్రం పేజీలు తిరగేసేవారు. ఆ ముందు వారమే ఈ సంపుటంలో ఒక తప్పు దొరికింది. ఆయన ఆగలేకపోయారు. పుస్తకం అందుకుని, ఆ చావు తరవాత ముప్ఫై పేజీలు తిప్పి, గట్టిగా చదివారు: "అవ్వ వేడినీళ్ళ గ్లాసు పట్టుకుని కసిరింది. 'ఆ మర ఎవడు బిగించాడ్రా? నేను చచ్చాక కూడా ఇలా వదులుగానే ఉంచుతారా?'"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత నవ్వులే నవ్వులు.

"చచ్చినా డ్యూటీ మానలేదమ్మా ముసలమ్మ!" అన్నాడు డ్రైవరు బల్ల చరుస్తూ. "నీళ్ళు కూడా వేడిగా కావాలిట!"

లైబ్రేరియన్ గారు కుడి పేజీలో నలభై రెండో తప్పు రాశారు. అప్పటికి ఎడమ పేజీల్లో నలభై ఒకటి. ఆ ఒక్కదాంతో దండు గెలిచింది. నవ్వులు సద్దుమణిగాక చూస్తే నర్సమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద ఆవిడ లైబ్రరీ కార్డు ఉంది. ఆవిడ మళ్ళీ రాలేదు. ఆవిడ లేక తప్పుల పుస్తకంలో మరో తప్పు పడలేదు. వాళ్ళమ్మ పోయి ఆ శనివారానికి పన్నెండు రోజులేనని రెండు నెలల తరవాత ఎవరో చెబితే బైండరు గారికి తెలిసింది. ఆయన మనసు చివుక్కుమంది. వెళ్ళి పలకరిద్దామని అనుకున్నారు. ఏమని పలకరించాలో తోచలేదు. "తప్పు కథలో ఉంది, నేను చూపించానంతే" అని తనకు తాను సర్దిచెప్పుకున్నారు. ఆ సర్దుబాటు మీదే తొమ్మిదేళ్ళు నడిచాయి.

ఈ ఏడాది లైబ్రేరియన్ గారు బాగుచెయ్యమని పంపిన పుస్తకాల్లో ఆ పద్నాలుగో సంపుటం ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళకి వేడినీళ్ళ పేజీ చూపించి నవ్వించడానికి అందరూ అక్కడే తెరిచి తెరిచి, సరిగ్గా అక్కడే పుస్తకం వీపు విరిగింది.

బైండరు గారు కుట్లు తెంపి, వీపు మీది గుడ్డ తడిపి ఊడదీశారు. గుడ్డ కింద బలానికి ఏదో ఒక పాత కాగితం అంటించడం ఆయన పద్ధతి. ఊడదీసిన రంగుల అట్టలే అందుకు వాడేవారు. ఈ పుస్తకం వీపు లోపల రెండు అట్టలు బయటపడ్డాయి. తడి ఆరాక బొమ్మలు తేలాయి. ఒకదాని మీద ముసలావిడ చేతిలో పొగలు కక్కే గ్లాసు. 'పదిహేడో భాగం: వదులు మర' అని ఉంది. రెండోదాని మీద చీకట్లో ఒక చుక్క. 'పంతొమ్మిదో భాగం: ఇంజను ఆగిన నిమిషం.'

ఆయన చేతిలో గుడ్డ ఊడదీసే వెదురు బద్ద కింద పడింది.

విప్పిన భాగాలు ముందేసుకుని చూశారు. లోపలి పేజీల్లో శీర్షికలే ఉన్నాయి కానీ భాగం అంకె లేదు. పేజీల అంకెలా, ప్రతి భాగంలోనూ ఒకటి నుంచి పదహారే. వరస తెలిసేది పైనున్న అట్టతోనే. ఆ అట్టలన్నీ ఒకేసారి ఊడదీసి పక్కన పడేసింది తనే. అప్పుడు ఫ్యాను గాలికి పైనున్న మూడు నాలుగు భాగాలు జారిపడటం కూడా గుర్తొచ్చింది. అదే దండు అయితే కూర్చుని చదివి వరస సరిచూసుకునేవారు. నౌక కాబట్టి, "దీని తలా తోకా ఎవడికి కావాలి" అనుకుంటూ చేతికొచ్చినట్టు ఎత్తి కుట్టేశారు. ఆ రోజు సూది పట్టే ముందు కళ్ళు మూసుకున్నారా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

చచ్చిన అవ్వ లేవలేదు. బతికున్న అవ్వ వేడినీళ్ళు తాగింది, కసిరింది, ఆ తరవాతే పోయింది. రాసినాయన అంతా వరసగానే రాశాడు.

మధ్యాహ్నం భార్య అన్నం క్యారియరు తెచ్చింది. గుమ్మంలో అలవాటుగా తల వంచి లోపలికి వచ్చి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"ఏవండీ, అలా ఉన్నారేం? సూది గుచ్చుకుందా?"

"గుచ్చుకుని తొమ్మిదేళ్ళయింది. నొప్పి ఇవాళ తెలిసింది," అని ఉన్నదంతా చెప్పారు.

ఆవిడ గిన్నెలు విప్పుతూ విన్నది. "సరిగ్గా కుట్టెయ్యండి మరి."

"పుస్తకం గంటలో కుడతాను. ఆవిడ తొమ్మిదేళ్ళో?"

"ఆ రోజు అందరూ నవ్వుతుంటే ఆవిడ మొహం చూశారా మీరు?"

"లేదు. నేనూ నవ్వుతున్నా."

"అయితే ఇప్పుడెళ్ళి చూసి రండి," అంది ఆవిడ. "ముందు అన్నం తినండి. ఖాళీ కడుపుతో క్షమాపణ చెబితే కళ్ళు తిరుగుతాయి."

ఆయన ఆ పూట కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చున్నారు. తరవాత ప్రతి భాగం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, వరస పెట్టి, మైనం పట్టించిన దారంతో కుట్టారు. ఆ రెండు రంగుల అట్టల్ని ఈసారి వీపులో దాచలేదు. వాటి వాటి భాగాల ముందు చేర్చి కుట్టారు.

మర్నాడు ఉదయం ఆస్పత్రికి వెళ్ళారు. కట్లు కట్టే గది బయట బెంచీ మీద అందరితోపాటు కూర్చున్నారు. లోపల నర్సమ్మ ఒక పెద్దాయన పాదానికి కట్టు విప్పుతోంది. గుడ్డ పుండుకి అంటుకుపోయింది. లాగెయ్యకుండా, గోరువెచ్చటి నీళ్ళు చుక్క చుక్కగా పోస్తూ, "మీ మనవరాలు పాటల పోటీకి వెళ్ళిందన్నారు, ఏమైంది?" అని అడిగింది. ఆయన చెప్పుకుంటూ ఉండగానే కట్టు ఊడి వచ్చింది. అది చూసి బైండరు గారికి తన పని గుర్తొచ్చింది. పాత వీపు తడిపి ఊడదీసే పద్ధతీ అదే.

వంతు వచ్చింది. ఆవిడ తలెత్తకుండానే, "కూర్చోండి. దెబ్బ ఎక్కడ?" అంది.

"దెబ్బ నాకు కాదమ్మా."

ఆవిడ తలెత్తింది. జుట్టు కొంచెం నెరిసింది. "ఓహో, దండు నాయకుడు గారా! చెల్లెలు దొరికిందా?"

బైండరు గారు ఆవిడ ఎదుట కూర్చున్నారు. పుస్తకం చుట్టిన కాగితం విప్పి, రెండు అట్టలూ చూపించి, ఫ్యాను గాలి దగ్గర్నుంచి ఒక్కటీ దాచకుండా చెప్పారు. "దీని తలా తోకా ఎవడికి కావాలి" అనుకున్న మాట కూడా చెప్పారు.

ఆవిడ పేజీలు తిప్పి రెండు అట్టల మీది అంకెలూ చూసుకుంది.

"మీ అమ్మగారు పోయిన సంగతి నాకు తెలీదమ్మా."

"తెలిస్తే నవ్వేవాళ్ళా?"

"లేదమ్మా."

"అందుకే మీ మీద కోపం ఎక్కువ రోజులు నిలవలేదు. ఆయన మీదే పోలేదు."

"ఎవరి మీద?"

"రాసినాయన మీద." ఆవిడ చేతిలో కత్తెర పక్కన పెట్టింది. "అమ్మ పోయిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఏడవడానికి కూడా తీరిక లేదు. నాలుగు రోజుల తరవాత ఈ పేజీ చదివి ఏడ్చాను, అక్కడితో ఆపేశాను. అలాంటిది, ముప్ఫై పేజీలు తిరిగేసరికి ఆ అవ్వ పోయిన సంగతి రాసినాయనకే గుర్తు లేదు! నేను ఏడ్చిన చావు ఆయనకి అంత తేలికా అనిపించింది. అప్పట్నుంచి ఆ కథ ముట్టుకోలేదు." అట్ట మీది చుక్కని వేలితో తాకింది. "అంటే ఆయన మర్చిపోలేదన్నమాట."

"మర్చిపోలేదమ్మా. నిన్న మొత్తం చదివాను. పద్దెనిమిదో భాగంలోనే అవ్వకి దగ్గు మొదలవుతుంది. ఆయన ముందే చెప్పాడు. నేనే చెప్పనివ్వలేదు."

బెంచీ మీద ఎవరో దగ్గారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని దూది అందుకుంది.

"శనివారం రండమ్మా," అన్నారు బైండరు గారు లేస్తూ. "నలభై రెండోది కొట్టెయ్యాలంటే ఎవరో ఒకరు పైకి చదవాలి. మీరు చదవాలి."

"చూస్తాను. నాకు డ్యూటీ ఉంటుంది," అందావిడ.

శనివారం అయిదు దాటింది. అయిదుంపావు అయింది. బైండరు గారు గుమ్మం వైపే చూస్తున్నారు. విషయం అప్పటికే అందరికీ చెప్పేశారు.

"ఏం బావా, బుద్ధుందా నీకు?" డ్రైవరు చెవి దగ్గరికి వంగాడు. "అది కొట్టేస్తే నలభై ఒకటికి నలభై ఒకటి. తొమ్మిదేళ్ళుగా గెలుస్తున్నాం!"

"నా కుట్టుతో గెలిచాం. దండుతో కాదు."

"కుట్టు మాత్రం మన పక్షం కాదేమిటి?" అని సణిగాడు డ్రైవరు. కానీ గుమ్మంలో గొడుగు కనబడగానే ముందు లేచినవాడు అతనే. తన కుర్చీ లాగి వేశాడు. "రామ్మా రా. ఆ రోజు నేను కూసిన కూత నాకు ఇంకా గుర్తుంది. నువ్వు మర్చిపోతే మాత్రం నేను గుర్తు చెయ్యను."

నర్సమ్మ కూర్చుంది. లైబ్రేరియన్ గారు తప్పుల పుస్తకం తెరిచి, పద్నాలుగో సంపుటం ఆవిడ ముందుకు జరిపారు. ఆవిడ దాన్ని బైండరు గారి ముందుకి జరిపింది.

"మీరు చదవండి. ఆ రోజు చదివిన గొంతే చదవాలి."

ఆయన నిలబడ్డారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. పదిహేడో భాగం మొదలుపెట్టారు. "అవ్వ వేడినీళ్ళ గ్లాసు పట్టుకుని కసిరింది." ఎవరూ నవ్వలేదు. బతికున్న మనిషి కసురు ఎంత బాగుంటుందో అప్పుడే వింటున్నట్టు అందరూ విన్నారు. "నేను చచ్చాక కూడా ఇలా వదులుగానే ఉంచుతారా?" దగ్గర ఎందుకో నర్సమ్మే చిన్నగా నవ్వింది. "మా అమ్మా అచ్చం ఇలాగే," అంది పక్కనున్న డ్రైవరుతో. పద్దెనిమిదిలో దగ్గు వచ్చింది. పంతొమ్మిదిలో ఇంజను ఆపే చోటికి వచ్చేసరికి బైండరు గారు చదవడం ఆపేశారు. అక్షరాలు కనబడుతున్నాయి, మాట రావడం లేదు. నర్సమ్మ లేచి ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఆ మాట దగ్గర్నుంచి అందుకుని, చివరిదాకా చదివింది. 

లైబ్రేరియన్ గారు పెన్ను ఆవిడకిచ్చారు. నలభై రెండో తప్పు మీద ఆవిడ ఒకే ఒక్క అడ్డగీత గీసింది. తరవాత బీరువా వైపు చూసింది.

"పదిహేనో సంపుటం ఉందా? తరవాత ఏమైందో నాకు తెలీదు."

"ఎనిమిది సంపుటాలున్నాయమ్మా, ఇరవై రెండు దాకా," అన్నారు లైబ్రేరియన్ గారు.

"అన్నీ ఎవరు కుట్టారు?"

గదిలో అందరూ బైండరు గారి వైపు చూశారు. "నేనే," అన్నారాయన.

"అయితే ముందు మీరు చదివి, అంతా వరసలో ఉందని చూసి, నాకివ్వండి. ఎనిమిదీనూ."

డ్రైవరు నుదురు కొట్టుకున్నాడు. "పోయాడు! మా వాడు పోయాడు! దండులోంచి మనిషిని లాగేసింది!"

అప్పట్నుంచీ మెట్ల కింది గదిలో మధ్యాహ్నం అన్నం తిన్నాక బైండరు గారు నౌక చదువుతారు. పదిహేనో సంపుటం వరస సరిగ్గానే ఉంది. పదహారులో మాత్రం ఒకచోట ఆగిపోయారు. నౌక నడిపే అమ్మాయి ఎడంచేతి వాటం మనిషి. మూడో పేజీలో ఎడంచేత్తో రాసి, ఎనిమిదో పేజీకి వచ్చేసరికి ఉన్నట్టుండి కుడిచేత్తో రాస్తోంది.  కుట్లు చూశారు, మడతలు లెక్కపెట్టారు. రెండు పేజీలూ ఒకే భాగంలో ఉన్నాయి, ఎవరి చేతా తారుమారయ్యేవి కావు. ఆయన తృప్తిగా ఊపిరి పీల్చుకుని ఒక చీటీ రాసి అక్కడ పెట్టారు: "అమ్మా, ఇది నా తప్పు కాదు. ఒట్టు."

ఆ సంపుటం చేతికందిన తరవాతి శనివారం నర్సమ్మ ఆ చీటీ పట్టుకునే వచ్చింది. అందరికీ చదివి వినిపించింది. గది గొల్లుమంది. అందరికంటే ఎక్కువ ఆవిడే నవ్వింది. తరవాత తప్పుల పుస్తకం తన వైపు తిప్పుకుని, కుడి పేజీలో కొట్టేసిన గీత కింద, తన పక్షం తప్పుని తన చేత్తోనే రాసుకుంది.